నకలు అందరికీ కావాలి, ఆటోమేటిక్ ఫెయిలోవర్ అందరికీ అక్కర్లేదు

ఈమధ్య ఒక ఇన్‌స్టాలేషన్ రిపోర్టు చూసిపెట్టమని నాకు పంపారు. కంపెనీల వ్యాపారం నడిపే ఎస్ఏపీ ఎస్/4హానా సాఫ్ట్‌వేర్, రెండేసి నోడ్ల (సర్వర్ల) పేస్‌మేకర్ క్లస్టర్ల మీద. అంటే ఒక సర్వర్ పడిపోతే పనిని తనంతట తనే రెండోదానికి మార్చే ఏర్పాటు, దాన్నే ఆటోమేటిక్ ఫెయిలోవర్ అంటాం. ఒక క్లస్టర్ హానా డేటాబేస్‌కి, ఇంకోటి సిస్టమ్ మొత్తానికి ఒక్కటే ఉండే సెంట్రల్ సర్వీసెస్‌కి (ఏఎస్‌సీఎస్). రిపోర్టు పొందిగ్గా ఉంది. ప్రతి మెట్టుకీ ఒక స్క్రీన్‌షాట్, దాని కింద ఒక వాక్యం. ఆఖరి పేజీలో "హెచ్ఏ టెస్టింగ్" (హై అవైలబిలిటీ, ఏది పడిపోయినా సిస్టమ్ ఆగకుండా ఉండటం) అన్న గడిలో "పాస్" అని ఉంది. ఏం టెస్ట్ చేశారా అని పేజీలు వెనక్కి తిప్పాను. క్లస్టర్ కమాండ్ ఇచ్చి ఏఎస్‌సీఎస్‌ని మొదటి నోడ్ నుంచి రెండో నోడ్‌కి జరిపారు, మళ్లీ వెనక్కి తెచ్చారు. అంతే. ఎవరూ పవర్ తీయలేదు, నెట్‌వర్క్ కేబుల్ పీకలేదు, కనీసం ఒక్క ప్రాసెస్‌ని కూడా చంపలేదు.

బాగానే నడుస్తున్న సర్వర్‌ని కాస్త పక్కకి జరగమని మర్యాదగా అడిగారు. అది జరిగింది. దాంతో, ఉన్నట్టుండి చచ్చిపోయినా ఇబ్బంది లేదని రాసేసుకున్నారు.

ఆ టీమ్‌ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. నేను చూసినంతలో చాలాచోట్ల ఇదే తంతు. గో-లైవ్ (వాడకంలోకి తెచ్చే) తేదీ ముంచుకొస్తుంటుంది, డేటా మైగ్రేషన్ వాళ్లకి సిస్టమ్ అప్పగించాలి, కరెంటు పీకుదామంటే ప్రాజెక్ట్ మేనేజర్ మొహం మాడ్చుకుంటాడు. అందరికీ తెలిసిన సంగతే. నా గొడవ దానికంటే ముందుది. ఇలాంటి టీమ్‌కి అసలు ఆటోమేటిక్ క్లస్టర్ ఎందుకు అమర్చుతున్నాం?

చాలా కాలంగా నాకు అనిపిస్తున్నదిది. డేటాకి రెండో ప్రతి ఉండి తీరాలి, అందులో రెండో మాట లేదు. కానీ "ఇప్పుడు అటు మారిపోదాం" అనే నిర్ణయాన్ని యంత్రానికి అప్పగించాలంటే, ఆ మార్పుని మామూలు రోజుల్లో మామూలు పనిలా చేసే అలవాటు ఆ టీమ్‌కి ఉండాలి. ఆ అలవాటు లేనివాళ్లకి మనిషి కూర్చుని కమాండ్ కొట్టే పద్ధతే మేలు. ఈ మాట అంటే మా వృత్తిలో చాలామంది నన్ను వింతగా చూస్తారు. వాళ్ల వాదనలోనూ బలముంది, దాని దగ్గరికీ వస్తాను.

ఇన్‌స్టాలర్ అడగని సంగతులు

ఎస్ఏపీ వాళ్ల ఎస్‌డబ్ల్యూపీఎమ్ మంచి ఇన్‌స్టాలరే. బ్రౌజర్‌లో ఒక్కో పేజీ నింపుకుంటూ పోతే చివర్లో "విజయవంతంగా పూర్తయింది" అంటుంది. ఆ మాటకి అర్థం సిస్టమ్ లేచి నిలబడిందని మాత్రమే. పడిపోయినప్పుడు ఇంకోచోట లేస్తుందా అన్నది దాని బాధ్యత కాదు.

వర్చువల్ హోస్ట్‌నేమ్ సంగతే చూడండి. ఏఎస్‌సీఎస్ ఏ నోడ్‌లో ఉన్నా ఒకే పేరుతో, ఒకే ఐపీతో పలకాలి కాబట్టి, ఇన్‌స్టాలర్‌ని మొదలుపెట్టేటప్పుడే ఆ పేరుని పారామీటర్‌గా ఇవ్వాలి. మర్చిపోతే అది ఫిర్యాదేమీ చేయదు. అసలు సర్వర్ పేరునే ప్రొఫైల్ (సెట్టింగ్స్) ఫైళ్ల పేర్లలోనూ లోపలి పారామీటర్లలోనూ రాసుకుని హాయిగా పని ముగిస్తుంది. ఆ తర్వాత అంతా బ్రహ్మాండంగా నడుస్తుంది, మొదటి నోడ్ బతికున్నంతకాలం.

లైసెన్స్ ఇంకా విచిత్రం. ఎస్ఏపీ లైసెన్స్, ఏఎస్‌సీఎస్‌లో భాగమైన మెసేజ్ సర్వర్ నడిచే మెషీన్ హార్డ్‌వేర్ కీకి ముడిపడి ఉంటుంది. క్లస్టర్‌లో మెసేజ్ సర్వర్ ఏ నోడ్‌లోనైనా నడవచ్చు కాబట్టి రెండు కీలకీ లైసెన్స్ తీసుకుని వేసుకోవాలి. మొదటిదానికే వేసి ఊరుకున్న చోట ఫెయిలోవర్ సాంకేతికంగా దివ్యంగా జరుగుతుంది. అన్నీ లేస్తాయి, మానిటరింగ్ పచ్చగా ఉంటుంది, కానీ చెల్లే లైసెన్స్ లేని సిస్టమ్‌లోకి ఎస్ఏపీ-స్టార్ యూజర్ తప్ప ఇంకెవరూ లాగిన్ కాలేరు. వేలమంది వాడే సిస్టమ్‌లో ఒక్కడే ఒంటరిగా లోపల కూర్చుంటాడు.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఉదాహరణ, నచ్చిందనడం ఎంతవరకు సబబో గాని, ప్రొఫైల్‌లోని ఒక్క వాక్యం. తాళాలు చూసుకునే ఎన్‌క్యూ సర్వర్‌ని మొదలుపెట్టే వరస "రీస్టార్ట్_ప్రోగ్రామ్" అని ఉంటే, ఆ ప్రాసెస్ చచ్చినప్పుడు ఎస్ఏపీ తనంతట తనే అక్కడికక్కడే దాన్ని మళ్లీ లేపుతుంది. మామూలు సర్వర్‌లో కావలసింది అదే. క్లస్టర్‌లో మాత్రం ఆ మాటని "స్టార్ట్_ప్రోగ్రామ్" అని మార్చాలి, అంటే చస్తే వదిలెయ్, మిగతాది క్లస్టర్ చూసుకుంటుంది అని. ఒక్క మాట తేడా. పాత ఎన్‌క్యూ సర్వర్ ఉన్నచోట దీన్ని మార్చకపోతే ఏమవుతుందో తెలియాలంటే లాక్ టేబుల్ గురించి కాస్త చెప్పుకోవాలి.

లాక్ టేబుల్ అనే సున్నితమైన వస్తువు

ఒక యూజర్ ఒక ఇన్వాయిస్‌ని మార్చడానికి తెరిచాడనుకోండి. ఇంకొకరు అదే సమయంలో దాన్ని మార్చకుండా ఎన్‌క్యూ సర్వర్ ఒక తాళం వేస్తుంది. ఈ తాళాల పట్టిక డేటాబేస్‌లో ఉండదు, ఏఎస్‌సీఎస్ మెమరీలో ఉంటుంది. అప్లికేషన్ సర్వర్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు, ఒకటి పోతే ఇంకోటి పని చేస్తుంది. కానీ తాళాల పట్టిక సిస్టమ్ మొత్తానికి ఒక్కటే. అందుకే దాని నకలుని ఈఆర్ఎస్ అనే ఇంకో ఇన్‌స్టెన్స్ రెండో నోడ్‌లో పట్టుకుని కూర్చుంటుంది.

పాత పద్ధతిలో నకలు ఈఆర్ఎస్ ఉన్న నోడ్ షేర్డ్ మెమరీలోనే ఉంటుంది. కాబట్టి ఏఎస్‌సీఎస్ పడిపోతే సరిగ్గా ఆ నోడ్‌కే వెళ్లి లేవాలి, నకలుని అందుకోవాలి, ఆ తర్వాత ఈఆర్ఎస్ అక్కణ్ణుంచి తప్పుకోవాలి. ఈ వరస తప్పకూడదు. అలాంటప్పుడు పైన చెప్పిన "రీస్టార్ట్" వల్ల ఎన్‌క్యూ సర్వర్ ఉన్నచోటే మళ్లీ లేస్తే, ఖాళీ పట్టికతో లేస్తుంది. పక్క నోడ్‌లో నకలు భద్రంగా ఉన్నా లాభం లేదు. తాళాలు పట్టుకుని సగంలో ఉన్న లావాదేవీలన్నీ వెనక్కి పోతాయి. హెచ్ఏ కోసం పెట్టిన ఖర్చంతా ఆ ఒక్క వరస దగ్గర బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

ఎస్/4హానా 1809 వెర్షన్ నుంచి కొత్త ఎన్‌క్యూ సర్వర్ రెండో తరం తనంతట తనే ఇన్‌స్టాల్ అవుతోంది. ఇందులో ఏఎస్‌సీఎస్ ఏ నోడ్‌లో లేచినా నకలుని నెట్‌వర్క్ మీదుగా తెచ్చుకుంటుంది. చాలా మెరుగు, ఒప్పుకోవాలి. అయితే క్లస్టర్‌లో రాయాల్సిన నిబంధనలు రెండు తరాలకీ ఒకటి కావు. పాత సిస్టమ్ కోసం రాసుకున్న కాన్ఫిగరేషన్‌ని కొత్తదానికి కాపీ చేసి అతికించే అలవాటు మాత్రం మా వాళ్లలో ఏ తరానికీ మారలేదు.

ఇన్ని వివరాలు ఎందుకు ఏకరువు పెట్టానంటే, ఇవన్నీ మొదటి నోడ్ బతికి ఉన్నన్నాళ్లూ కనబడని లోపాలు. చెక్‌లిస్ట్‌తో కొన్ని పట్టుకోవచ్చు. ఎస్ఏపీ‌కంట్రోల్‌లో హెచ్ఏ కాన్ఫిగరేషన్‌ని పరీక్షించే ఫంక్షన్ ఉంది, ఇంకొన్ని అది పట్టిస్తుంది. మిగతావి తెలియాలంటే నోడ్ నిజంగా చావాలి. మనం చంపకపోతే, అది తనకి తోచిన రోజున చస్తుంది.

పరీక్షే కొంప ముంచిన వైనం

ఒకచోట, పేరు అక్కర్లేదు, ఒక రాత్రి మొదటి నోడ్ మెమరీ లోపంతో ఆగిపోయింది. పేస్‌మేకర్ గుర్తించింది, ఫెన్సింగ్ చేసింది (పడిపోయిన నోడ్ ఇక ఏమీ రాయకుండా ఆపేసింది), అంతా పుస్తకంలో రాసినట్టే. కానీ ఏఎస్‌సీఎస్ రెండో నోడ్‌లో లేవలేదు. లేపడానికి ప్రయత్నించి ఓడిపోవడం కూడా కాదు, అసలు ప్రయత్నమే చేయలేదు. లాగ్‌లో ఎర్రర్ లేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు ఎస్ఏపీ లాగ్‌లు, ఫైల్ సిస్టమ్‌లు, ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీది ఫైళ్ల) మౌంట్లు అన్నీ గాలించాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

తెల్లారాక దొరికింది. క్లస్టర్ కాన్ఫిగరేషన్ అడుగున "సీఎల్ఐ-బ్యాన్" అని మొదలయ్యే ఒక నిబంధన ఉంది. ఏఎస్‌సీఎస్ రెండో నోడ్‌లో నడవకూడదు, స్కోరు మైనస్ ఇన్ఫినిటీ. ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. రిసోర్స్‌ని (క్లస్టర్ చూసుకునే సర్వీసుని) "మూవ్" అనే కమాండ్‌తో జరిపితే, ఎక్కడికన్నది చెప్పకపోతే, ఇప్పుడున్న నోడ్‌ని నిషేధిస్తూ పేస్‌మేకర్ ఒక నిబంధన పెట్టుకుంటుంది. జరగడమన్నది అలాగే జరుగుతుంది. పని అయ్యాక "క్లియర్" కొట్టి ఆ నిబంధనని మనమే తీసేయాలి. గో-లైవ్‌కి ముందు టెస్టింగ్‌లో ఏఎస్‌సీఎస్‌ని రెండో నోడ్‌కి జరిపారు, క్లియర్ చేశారు, వెనక్కి తెచ్చారు, ఈసారి క్లియర్ చేయలేదు. ఫెయిలోవర్ పనిచేస్తుందని నిరూపించిన పరీక్షే ఫెయిలోవర్‌ని నిషేధించి పెట్టింది.

అంతకన్నా చిత్రం తర్వాత బయటపడింది. సైన్ ఆఫ్ చేసిన రిపోర్టు తెరిచి చూస్తే, ఆ కమాండ్ స్క్రీన్‌షాట్‌లోనే, ఈ నిబంధనని తీయడానికి ఫలానా కమాండ్ వాడండి అని పేస్‌మేకర్ సలహా కూడా కనిపిస్తోంది. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు చదవలేదు, సంతకం పెట్టినవాళ్లు చదవలేదు. తిలా పాపం తలా పిడికెడు.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. క్లస్టర్ లేని సిస్టమ్ అయ్యుంటే అతనికి చేతనైన పనే, ఇంకో సర్వర్‌లో మౌంట్ చేసి లేపుకునేవాడు. ఇక్కడ తనకి తెలిసిన ఎస్ఏపీకీ తన సర్వర్‌కీ మధ్య, తనకి తెలియని ఇంకో మెదడు కూర్చుని ఉంది. తను ఆపితే అది లేపుతుంది, తను లేపితే అది ఆపుతుంది. ఎస్ఏపీని క్లస్టర్‌తో కలిపే కనెక్టర్ సరిగా అమర్చని చోట బేసిస్ (ఎస్ఏపీ నిర్వహణ) మనిషి మెయింటెనెన్స్ కోసం ఇన్‌స్టెన్స్‌ని ఆపడం, అది వైఫల్యమనుకుని క్లస్టర్ దాన్ని వెంటనే లేపడం ఎన్నోసార్లు చూశాను. చూసేవాళ్లకి నవ్వొస్తుంది గాని, చేసేవాళ్లకి చెమటలు పడతాయి.

ఒక ఒరలో రెండు కత్తులు

రెండు నోడ్ల క్లస్టర్‌లో అసలు చిక్కు నోడ్ చావడం కాదు. చచ్చిందో లేదో తెలియకపోవడం. మధ్యలో నెట్‌వర్క్ తెగితే ఇద్దరికీ అవతలివాడు పోయినట్టే కనబడుతుంది. ఇద్దరూ "నేనే ప్రైమరీ" అనుకుని అదే డేటా మీద రాయడం మొదలుపెడితే ఆ తర్వాత బ్యాకప్ తప్ప దిక్కుండదు. అందుకే స్టోనిత్, అంటే ఇందాకటి ఫెన్సింగే. అవతలివాడు నిజంగా ఆగిపోయాడని, అవసరమైతే తనే ఆపేసి, నిర్ధారించుకున్నాకే క్లస్టర్ ముందడుగు వేస్తుంది. ఎస్‌బీడీ పద్ధతిలోనైతే షేర్డ్ డిస్క్ మీద అవతలి నోడ్ పేరిట ఒక సందేశం రాస్తుంది, అది చదివిన నోడ్ తనని తానే రీసెట్ చేసుకుంటుంది. చదవలేని స్థితిలో ఉంటే వాచ్‌డాగ్ అనే టైమర్ ఆ పని చేస్తుంది.

ఫెన్సింగ్ లేని క్లస్టర్‌కి లినక్స్ కంపెనీలైన సూసే గాని రెడ్‌హ్యాట్ గాని సపోర్ట్ ఇవ్వవు. అయినా దాన్ని ఆపేసి నడుపుతున్న ప్రొడక్షన్ సిస్టమ్‌లు నాకు తగిలాయి. కారణం ఎక్కడైనా ఒకటే. ఇన్‌స్టాలేషన్ మధ్యలో నోడ్లు ఊరికే రీబూట్ అవుతుంటే విసిగిపోయి "తాత్కాలికంగా" ఆపారు. ఆ రీబూట్లకి అసలు కారణం, నెట్‌వర్క్‌లోనో స్టోరేజ్‌లోనో ఉన్న కుదుపు, అలాగే ఉండిపోయింది. తాత్కాలికం అన్న మాట కామెంట్‌గా మిగిలిపోయింది.

యంత్రం తీసుకునే నిర్ణయం

ఇప్పుడు అసలు వాదన. నా పాత సహోద్యోగి ఒకాయన ఉన్నాడు, క్లస్టర్లంటే ప్రాణం. నా అభిప్రాయం విని, "గురూ, రాత్రి మూడింటికి నిద్రకళ్లతో లేచినవాడి బుర్ర మీద కన్నా స్క్రిప్టు మీదే నాకు నమ్మకం. వాడు లాప్‌టాప్ తెరిచి వీపీఎన్ కలిపేలోపు క్లస్టర్ పని ముగించేస్తుంది" అన్నాడు. నిజమే. కాదనలేను.

కానీ స్క్రిప్టు వేగం ఒక్కటే చూడకూడదు, అది ఎప్పుడు కదులుతుందో కూడా చూడాలి. 2012 సెప్టెంబరులో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌ సైట్‌కి జరిగింది వాళ్లే వివరంగా రాసిపెట్టారు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద ఒక పెద్ద స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పు నడుస్తోంది, లోడ్ పెరిగింది, హెల్త్ చెక్ జవాబు ఆలస్యమైంది. డేటాబేస్ చావలేదు, ఆయాసపడుతోందంతే. పేస్‌మేకర్ అది పోయిందనుకుని స్టాండ్‌బైకి మార్చింది. స్టాండ్‌బై మెమరీలో డేటా ఇంకా లోడ్ కాలేదు, అది మరీ నెమ్మదించింది. మళ్లీ హెల్త్ చెక్ ఫెయిల్, మళ్లీ వెనక్కి. ఆ సమయంలో తమ టీమ్‌లో ఎవరిని అడిగినా మార్చొద్దనే చెప్పేవారన్న అర్థంలో వాళ్లే ఒప్పుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో నెట్‌వర్క్ తెగినప్పుడు వాళ్ల ఫైల్ సర్వర్ జంటలు కొన్ని ఒకదాన్నొకటి ఫెన్స్ చేసుకున్నాయి. 2018 అక్టోబరులోనైతే అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ హబ్‌కీ ప్రధాన డేటాసెంటర్‌కీ మధ్య 43 సెకన్లు లింకు పోయింది, ఆటోమేటిక్ ఫెయిలోవర్ డేటాబేస్‌లని పశ్చిమ తీరానికి మార్చేసింది, రెండువైపులా పడిన రాతలని సరిచూసుకునేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. 43 సెకన్లు ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అది వెబ్ కంపెనీ, మనది ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్, పోలిక ఎక్కడ అంటారేమో. పైగా వాళ్లంత సమర్థులు మన దగ్గర ఎంతమంది ఉన్నారు? నా వాదనకి సరిగ్గా అదే బలం. ఆ రంగంలో ఆరితేరినవాళ్లకే ఆటోమేటిక్ నిర్ణయం అలా ఎదురుతిరిగితే, ఏడాదికోసారి కూడా ఫెయిలోవర్ చేయని టీమ్ దాన్ని ఎలా మచ్చిక చేసుకుంటుంది?

నాకూ సందేహాలు లేకపోలేదు. మనిషి నొక్కే బటన్‌ అన్నానే, ఆ మనిషి నొక్కడు. ఇది నేను కళ్లారా చూసింది. డేటాబేస్ సర్వర్ పోయింది, సెకండరీలో (నకలు సర్వర్‌లో) డేటా తాజాగా ఉంది, ఒక్క కమాండ్ చాలు. కానీ కాన్ఫరెన్స్ కాల్‌లోకి ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారు, చేరిన ప్రతివాళ్లకీ మొదట్నుంచి చెప్పాలి. "ఇంకో పది నిమిషాలు చూద్దాం, ప్రైమరీ లేస్తుందేమో" అని ఒకరు. "వెండార్‌ని అడుగుదాం" అని ఒకరు. తేల్చాల్సిన పెద్దాయన విమానంలో ఉన్నాడు. టేకోవర్ (సెకండరీని ప్రైమరీగా మార్చే) కమాండ్ నడవడానికి పట్టిన సమయం కన్నా, దాన్ని కొట్టొచ్చని ఒకరు అనడానికి పట్టిన సమయం ఎన్నో రెట్లు ఎక్కువ.

కాబట్టి మనిషికి అప్పగించడమంటే కమిటీకి అప్పగించడం కాకూడదు. డ్యూటీలో ఉన్నవాడికి రాతపూర్వకంగా అధికారం ఉండాలి. ప్రైమరీ ఇన్ని నిమిషాలు పలకకపోతే, రెప్లికేషన్ (నకలు) స్థితి ఫలానాగా ఉంటే, పాత ప్రైమరీ ఆగిపోయిందని నిర్ధారించుకుని, ఎవరినీ అడగకుండా టేకోవర్ కొట్టెయ్, తర్వాత చెప్పు అని. ఈ కాగితం మీద సంతకం పెట్టడానికి ఇష్టపడని మేనేజర్, అదే నిర్ణయం తీసుకునే స్క్రిప్టుకి మాత్రం కళ్లు మూసుకుని సంతకం పెడతాడు. స్క్రిప్టు పొరపాటు చేస్తే అది టెక్నికల్ సమస్య అవుతుంది, మనిషి చేస్తే ఎవరిదో తప్పవుతుంది. ఆటోమేషన్‌కి ఉన్న గిరాకీలో ఎంత భాగం దీనిదోనని నాకు అనుమానం.

లెక్క కూడా ఒకసారి చూసుకోవాలి. 99.9 శాతం అంటే ఏడాదికి 8 గంటల 45 నిమిషాల దాకా ఆగవచ్చు. 99.99 అంటే 52 నిమిషాలు. మనిషి లేచి, చూసి, టేకోవర్ చేసి, యూజర్లని లోపలికి పంపేసరికి ముప్పావు గంట పడుతుందనుకుందాం. మొదటి లెక్కలో అది చాలా హాయిగా ఇముడుతుంది. రెండోదానిలో ఏడాదికి ఒక్కసారికే సరిపోతుంది, ఆ ఒక్కసారితోనే కోటా అయిపోతుంది. నిజంగా నాలుగు తొమ్మిదులు కావలసిన వ్యాపారాలున్నాయి, రేయింబవళ్లు ఆగకుండా నడిచే ఉత్పత్తి లైన్లు, గోదాములు. వాళ్లకి నేను చెప్పేది వర్తించదు. మిగతావాళ్లు టెండర్ కాగితంలో నాలుగు తొమ్మిదులు రాసుకుని, ప్యాచింగ్ కోసం ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సిస్టమ్ ఆపుతుంటారు.

మరి వర్చువలైజేషన్ ఉందిగా, హోస్ట్ పోతే వర్చువల్ మెషీన్ ఇంకో హోస్ట్ మీద తనే లేస్తుంది, ఇంత తతంగం ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఏఎస్‌సీఎస్ లాంటి చిన్న ఇన్‌స్టెన్స్‌కైతే నాకూ ఆ మాట నచ్చుతుంది. తాళాలు పోతాయి, సగంలో ఉన్న పనులు మళ్లీ చేసుకోవాలి, కానీ కొన్ని నిమిషాల్లో సిస్టమ్ వస్తుంది. హానాకి మాత్రం చాలదు. టెరాబైట్లలో మెమరీ ఉన్న సర్వర్ బూట్ అవడానికే చాలాసేపు పడుతుంది. ఆ పైన రో స్టోర్ (వరసలుగా దాచే టేబుళ్లు) మొత్తం మెమరీలోకి రావాలి, కాలమ్ టేబుళ్లు ఒక్కొక్కటే లోడ్ అవుతుంటే మొదటి గంటంతా యూజర్లకి నత్తనడకే. సిస్టమ్ రెప్లికేషన్‌లో సెకండరీ టేబుళ్లని ముందే మెమరీలో పెట్టుకుని సిద్ధంగా ఉంటుంది. అందుకే మొదట్లోనే నకలు తప్పనిసరి అన్నాను. ఆ నకలు ఎప్పుడు రాజ్యానికి రావాలన్న దగ్గరే నా అభ్యంతరమంతా.

ఇంకో మాట కూడా ఇక్కడే. రెండు నోడ్లలోనూ నడిచేది ఒకే సాఫ్ట్‌వేర్. 1996లో ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో దిశ చెప్పే కంప్యూటర్లు రెండున్నాయి, ఒకటి స్టాండ్‌బై. రెండింట్లో ఒకే ప్రోగ్రామ్, కాబట్టి ఒకే లోపానికి రెండూ ఆగిపోయాయి, స్టాండ్‌బై అయితే కాస్త ముందే ఆగింది. ప్రొడక్షన్‌లోకి పొరపాటు ట్రాన్స్‌పోర్ట్ (ప్రోగ్రామ్ మార్పుల మూట) వెళ్లి టేబుల్ ఖాళీ అయితే, రెప్లికేషన్ ఆ ఖాళీని కూడా ఎంతో నమ్మకంగా అటు చేరవేస్తుంది. క్లస్టర్ ఉంది కదా అని బ్యాకప్ రీస్టోర్ ప్రాక్టీస్ మానేసిన చోట్లు ఉన్నాయి.

సాధన ఎలా

"నడుస్తున్న ప్రొడక్షన్‌లో కరెంటు పీకమంటావా, బిజినెస్ వాళ్లు ఒప్పుకోవద్దూ?" ఇది నాకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న. ఒప్పుకోరు. అడిగే తీరులో అడిగితే ఎవరూ ఒప్పుకోరు. కానీ కెర్నల్ ప్యాచ్‌లకి, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లకి డౌన్‌టైమ్ ఎలాగూ ఇస్తున్నారు. ఆ గంటల్ని తగ్గిస్తామని అడగండి. సెకండరీని ప్యాచ్ చేయడం, అటు మారడం, పాతదాన్ని ప్యాచ్ చేయడం, వచ్చే నెల దాకా వెనక్కి రాకపోవడం. ఈ చివరిది ముఖ్యం. "అసలు" నోడ్ అంటూ ఒకటి ఉండకూడదు. రెండో నోడ్‌లో నెలరోజులు నడిస్తే లైసెన్స్ కీ లేదని, ఇంటర్‌ఫేస్ ఫైళ్లు మొదటి నోడ్ లోకల్ డిస్క్‌లోనే పడుతున్నాయని, ఎవరో పెట్టిన క్రాన్ జాబ్ (వేళకి తనే నడిచే పని) అక్కడ లేదని వాటంతట అవే బయటపడతాయి.

ఇది మర్యాదగా జరపడమే కదా, ఇందాక దీన్నే తప్పుపట్టావు కదా అనొచ్చు. ఒప్పుకుంటున్నాను, నోడ్ హఠాత్తుగా చావడానికి ఇది సాటి కాదు. దానికి క్వాలిటీ (పరీక్షలకి వాడే) సిస్టమ్‌లో కూడా అచ్చం అలాంటి క్లస్టరే ఉండాలి, అక్కడ నిర్దయగా చంపాలి. కెర్నల్‌ని క్రాష్ చేయించాలి, నోడ్లు ఒకదాన్నొకటి పలకరించుకునే కోరోసింక్ నడిచే నెట్‌వర్క్‌ని ఒక్కదాన్నే తెంచాలి, ఎన్ఎఫ్ఎస్‌ని వేలాడదీయాలి. ప్రొడక్షన్‌కి క్లస్టర్ కొని, క్వాలిటీకి ఒక్క సర్వర్‌తో సరిపెట్టుకున్నవాళ్లు ఆటోమేటిక్ మార్గం ఎంచుకోకపోవడమే మంచిది. డబ్బు రెండోసారి ఖర్చు పెట్టలేకపోతే మొదటిసారి పెట్టింది కూడా అక్కరకి రాదు.

పచ్చగా ఉన్న స్క్రీన్

ఇంత చేసినా ఒక సమస్య మిగులుతుంది. దానికి మనిషి పద్ధతైనా, క్లస్టర్ పద్ధతైనా ఒకటే. ఒకచోట క్లస్టర్ స్టేటస్ అడిగితే రెండు నోడ్లూ ఆన్‌లైన్, రిసోర్సులన్నీ స్టార్టెడ్. ఎర్రగా ఒక్క గీత లేదు. రెప్లికేషన్ వివరాలు చూపే ఇంకో కమాండ్ కొట్టిస్తే, సింక్ స్థితి గడిలో "ఎస్‌ఫెయిల్" అని ఉంది. పైన పటారం, లోన లొటారం. సెకండరీ హానా నడుస్తూనే ఉంది, ప్రైమరీ నుంచి దానికి లాగ్‌లు రావడం ఎప్పుడో ఆగింది. సింక్ మోడ్‌లో (సెకండరీకి అందాకే ముందుకు సాగే పద్ధతి) ఉన్నా, ఫుల్ సింక్ (అందకపోతే ఆగిపోయే పద్ధతి) పెట్టకపోతే, సెకండరీ అందకపోయినప్పుడు ప్రైమరీ కాసేపు ఎదురుచూసి తన దారిన తను సాగిపోతుంది. వ్యాపారం ఆగకూడదు కాబట్టి అది సరైన పనే. ఆ స్థితిలో ప్రైమరీ పోతే క్లస్టర్ టేకోవర్ చేయదు, పాత డేటాతో సిస్టమ్‌ని లేపకూడదు కాబట్టి అదీ సరైన పనే. రెండు సరైన పనులు కలిసి ఆ కంపెనీని హెచ్ఏ లేకుండా వదిలేశాయి.

అలర్ట్ రాలేదా అని అడిగాను. వచ్చింది. ఉద్యోగం మానేసిన ఒకాయన మెయిల్‌బాక్స్‌కి, రోజూ, తప్పకుండా. మానిటరింగ్ టీమ్ స్క్రీన్ మీద మాత్రం క్లస్టర్ స్టేటస్ ఒక్కటే కనబడేలా పెట్టారు, అది పచ్చగా ఉంది. ఇప్పుడు అక్కడ ఆ స్క్రీన్ మీద సింక్ స్థితి పక్కనే, అది చివరిసారి మారిన తేదీ, సిస్టమ్ చివరిసారి రెండో నోడ్‌లో నడిచిన తేదీ కూడా కనబడతాయి. రెండో తేదీ పాతబడేకొద్దీ దాని రంగు ముదురుతుంది. ఆటోమేటిక్ టేకోవర్‌ని ఆపేశారు, మళ్లీ ఎప్పుడు పెట్టాలన్నది ఆ రంగుని బట్టే తేల్చుకుంటామన్నారు.